హుసేనప్ప కంకర పరుపు

పుంగనూరులో మా వీధివాళ్ళకు కోడి కూయాల్సిన పని లేదు. హుసేనప్ప విల్లు మోగిందంటే తెల్లవారినట్టే. పడసాలలో దూలానికి వేలాడగట్టిన ఆ పొడుగాటి విల్లును దూదిలో ఆనించి, కొయ్యగుండుతో తంత్రిని కొడితే టంయ్ టంయ్‌మని వీధి చివరిదాకా వినిపించేది. దూది తెల్లగా పైకి లేచి మళ్ళీ వచ్చి అతని మీదే వాలేది. పొద్దున నల్ల మీసంతో పనిలో కూర్చున్న మనిషి మధ్యాహ్నానికి మీసం, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలతో సహా ముసలాడయిపోయేవాడు. సాయంత్రం నాలుగు చెంబులు నీళ్ళు పోసుకుంటే మళ్ళీ వయసులోకి వచ్చేవాడు. రోజూ ముసలాడై రోజూ పడుచువాడయ్యే మొగుడు చాంద్ బీకి తప్ప ఇంకెవరికి దొరుకుతాడని పక్కింటి శాంతమ్మ నవ్వేది.

వాళ్ళది దూదేకుల కుటుంబం. పరుపులు, దిండ్లు కుట్టడం తాతల నాటి పని. యుద్ధం నడుస్తున్న రోజులవి. గుడ్డ దొరకదు, కిరసనాయిలు దొరకదు. అయినా మనుషులు పడుకోవడం మానరు కదా, హుసేనప్పకు పని తగ్గలేదు. మదనపల్లెలో ఉన్న పెద్దిళ్ళవాళ్ళు కూడా పనిగట్టుకుని అతని చేతే కుట్టించుకునేవాళ్ళు.

అంత పేరు రావడానికి కారణం ఏమిటంటే, మూతి. పరుపు కుట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. దూదంతా కూరినాక చివర్న మిగిలే ఆ మూతి కుట్టే దగ్గర అందరికీ తొందర. ఎప్పుడెప్పుడు అయిపోతుందా, ఎప్పుడెప్పుడు కూలి చేతిలో పడుతుందా అని నాలుగు పోట్లు పొడిచి లేచిపోతారు. ఏడాది తిరిగేలోపల ఆ మూతిలోంచి దూది బయటికి వచ్చి ఇల్లంతా ఎగురుతూ ఉంటుంది. హుసేనప్ప అట్లా కాదు. మిగతా పరుపంతా కుట్టినంత సేపు ఆ ఒక్క మూతి దగ్గర కూర్చునేవాడు. అడ్డం ఒక పోటు, దాని మీద ఏటవాలుగా ఇంకో పోటు, చూడడానికి జడ అల్లినట్టు ఉండేది. అతను కుట్టిన మూతిలో చీమ దూరదు. మూతి తెరిచి ఉన్న పరుపు ఎక్కడ కనిపించినా, అది పరాయివాళ్ళ ఇల్లయినా సరే, సూది తీసి కుట్టేసి వచ్చేవాడు.

మనిషి ఇంత మంచివాడు, పని ఇంత బాగుంటుంది. ఆ ఇంటికి ఉన్న కష్టమల్లా వాకిలి.

ఇంటి వెనక మిట్ట, మిట్ట మీద చింతతోపు. తోపులో కురిసిన వాన ఇంటి కిందగా ఊరి వచ్చి ముందరి వాకిట్లో తేలేది. వీధిలో అందరి వాకిళ్ళూ వాన వెలిసిన పూటకే ఆరిపోయేవి. హుసేనప్ప వాకిలి మాత్రం ఆఖరి వాన పడి నెల దాటినా చిత్తడిగానే ఉండేది. దూది ఆరబెట్టడానికి లేదు, మంచం వేసుకోవడానికి లేదు. ఎర్రమట్టి తోలిస్తే గట్టిపడుతుందన్నారని ఒక ఏడాది తోలించాడు. వాన పడగానే అది హల్వా అయి కూర్చుంది. ఎదురింటి పాపయ్య చింతపండు వ్యాపారి. చింతకాయల పెంకులు పరిస్తే నీళ్ళు పీల్చుకుంటాయని తన కొట్లో చెత్తంతా తెచ్చి పోయించాడు. పెంకులు తేలుకుంటూ వెళ్ళి శాంతమ్మ గడప ఎక్కాయి. పాపయ్య కొట్టు శుభ్రపడింది, అంతవరకు లాభం.

చాంద్ బీ ఇదంతా ఓర్చుకుంది. వాకిట్లో అడుగుకొక రాయి పెట్టుకుని, చీర ఎత్తి పట్టుకుని, రాయి మీంచి రాయి మీదికి దాటుకుంటూ కాపురం చేసింది. ఓర్చుకోలేనిది ఆ ఏడాది దీపావళి వానల్లో జరిగింది.

చాంద్ బీకి కుప్పంలో మేనత్త ఉంది. పేరు మైమూన్ బీ. చాంద్ బీని, ఆమె తమ్ముణ్ణి తల్లి పోయాక పెంచింది ఆమే. భారీ మనిషి. మాట ఎత్తుకుంటే చివరిదాకా పోవాల్సిందే, మధ్యలో ఎవరూ దగ్గకూడదు. ఆమె మేనకోడలి ఇంటికి వచ్చింది. వాన వెలిసి కాస్త ఎండ కాస్తోంది. ఇంట్లో ఉక్కగా ఉంది, వాకిట్లో మంచం వెయ్యమంది. వద్దని చెప్పేవాళ్ళు ఎవరు? ఉన్నంతలో గట్టిగా కనిపించిన చోట హుసేనప్ప నులకమంచం వేశాడు. ఆమె కూర్చుని, రామకుప్పం దారిలో ఎవరిదో ఎద్దులబండి బురదలో దిగబడిన కథ ఎత్తుకుంది. శాంతమ్మ, పాపయ్య పెళ్ళాం ఇందిరమ్మ కూడా వచ్చి అరుగు మీద చేరారు.

ఆమె చెబుతూ ఉంది, మంచం దిగుతూ ఉంది. మంచం కోళ్ళు మెల్లగా, మర్యాదగా, చప్పుడు లేకుండా బురదలోకి పోతున్నాయి. బండి దిగబడిపోతుంటే చూసుకోకుండా పైన కూర్చుని పాట పాడుకుంటున్న ఆ బండివాడు ఎంత మొద్దో మైమూన్ బీ చేతులు తిప్పి మరీ చెబుతోంది. చేతులు తిప్పినప్పుడల్లా మంచం ఇంకాస్త దిగుతోంది. దిగబడుతున్నావమ్మా అని చెబితే నువ్వు బరువున్నావని చెప్పినట్టే కదా. అందరూ ఊపిరి బిగబట్టి ఊ కొడుతున్నారు. చాంద్ బీ మొగుడికి కళ్ళతో సైగ చేసింది. అత్తకు తినడానికి ఏదైనా తెమ్మంటోందని అతను అర్థం చేసుకుని, పళ్ళెం నిండా బొరుగులుండలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

బండి ఇరుసుదాకా మునిగిందని ఆమె చెప్పేసరికి నులక నేలకు తగిలింది. చల్లగా తగిలేసరికి ఆమె కథ ఆపి కిందికి చూసుకుంది. మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చి ఉన్నాయి. లేవబోతే లేవలేదు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, హుసేనప్ప వెనకనుంచి తోశాడు, పాపయ్య కొట్లోంచి మూటలు మోసే మనిషి పరుగెత్తుకు వచ్చాడు. ఆమెను లేపారు గాని ఎడమకాలి చెప్పు లోపలే ఉండిపోయింది. ఎంత వెదికినా దొరకలేదు. అంతసేపూ అరుగు మీద ఇందిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె వీపు అదురుతూ ఉండడం మైమూన్ బీ చూసింది.

మరుసటి రోజు పొద్దున ఆమె ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని బస్సెక్కింది. చాంద్ బీ కూడా మూట కట్టుకుంది. హుసేనప్ప బస్సు దాకా వెనకే నడిచాడు. చాంద్ బీ కోపంగా కూడా లేదు, అందుకే అతనికి భయం వేసింది.

"మా అత్త మల్లా వచ్చి, వానల్లోనే, ఆ వాకిట్లో మంచమేసుకుని కూసోవాల. ఆ మంచం నాలుగు కాళ్ళూ నాకు కనపడాల. అప్పుడుంటా ఆ ఇంట్లో. లేదంటే లేదు" అంది.

అంతే, బస్సు పోయింది. పోయిందంటే వెంటనే పోయిందని కాదు. యుద్ధంలో పెట్రోలు లేక అప్పుడన్నీ బొగ్గు బస్సులే కదా. వెనక బొగ్గు పొయ్యి రాజుకునేదాకా క్లీనరు చక్రం తిప్పుతూ ఉంటే, హుసేనప్ప కిటికీ దగ్గర నిలబడే ఉన్నాడు. ఏదైనా చెప్పొచ్చు. ఏం చెప్పాలో తోచక బస్సు సీటును వేలితో నొక్కి చూసి, లోపల దూది కాదు కొబ్బరిపీచు అని చెప్పాడు. చాంద్ బీ మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత వీధికి తెల్లవారడం ఆలస్యమైపోయింది. విల్లు మోగేది గాని తంత్రి వదులుగా, ఏదో పోగొట్టుకున్నట్టు మోగేది. తిండి సంగతి చెప్పనే అక్కరలేదు. సంగటి కెలకడం అతనికి చేతకాదు. ఒకరోజు ఉండలు ఉండలుగా, ఒకరోజు జారుగా చేసుకునేవాడు. శాంతమ్మ గోడ మీంచి ఊరుబిండి ఇస్తూ, నంజుకోవడానికి నేనిస్తాను గాని ముద్ద మాత్రం నీదే, నీ ఖర్మ అనేది.

పది రోజులు కూడా ఆగలేక హుసేనప్ప బూరుగు దూదితో మెత్తటి దిండు ఒకటి కుట్టి, అది చంకలో పెట్టుకుని కుప్పం వెళ్ళాడు. మైమూన్ బీ దిండు తీసుకుంది, తల కింద పెట్టుకుని చూసింది, బాగుందంది. మేనకోడల్ని పంపే సంగతి మాత్రం ఎత్తలేదు. చాంద్ బీ అన్నం పెట్టింది, వాకిలి ఆరిందా అని అడిగింది. అతను తల వంచుకుని తిన్నాడు. కడుపు నిండా తిన్నాడు, అది వేరే సంగతి.

చాంద్ బీ తమ్ముడు అలావుద్దీన్ రైల్వేలో గ్యాంగుమనిషి. పట్టాల కట్ట చూసుకునే పని. బావ దిగులు చూడలేక తన వెంట డ్యూటీకి తీసుకుపోయాడు. జోరుగా వాన కురిసి అప్పుడే వెలిసింది. కుప్పం ఊరంతా బురద, స్టేషను బయట జట్కా గుర్రాలు కూడా చూసి చూసి అడుగు వేస్తున్నాయి. పట్టాల మధ్య మాత్రం హుసేనప్ప కాళ్ళకు తడి అంటలేదు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కూర్చుని చేత్తో తట్టి చూశాడు.

"ఈడ యాల నిలబడలేదు నీళ్ళు?" అన్నాడు.

"కంకరుండాది కదా బావా. మట్టి నీళ్ళను పట్టుకోనుంటాది, రాయి పట్టుకోదు. సందుల్లో దూరి దిగిపోతాండాయి."

హుసేనప్ప లేవలేదు. ఒక రాయి తీసి అరచేతిలో తూచుతూ ఉన్నాడు. అది రైల్వే వాళ్ళ రాయి, జేబులో వేసుకుంటే నా ఉద్యోగం పోతుందని అలావుద్దీన్ దాన్ని లాక్కుని యథాస్థానంలో పెట్టాడు. తర్వాత ఇద్దరూ కట్ట మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంటి గోడ పక్కనుంచి వీధి కాలువ దాకా మోకాటి లోతు కందకం తవ్వాలి. వీధి వైపు పల్లంగా ఉండాలి. అడుగున పెద్ద రాళ్ళు, మీద కంకర, ఆపైన మట్టి జారి సందులు పూడకుండా ఏదైనా కప్పి, దాని మీద ఇసుక. మిట్ట మీంచి ఊరే నీళ్ళు వాకిలి ఎక్కకుండానే అందులో పడి కాలువలోకి పోతాయి. అలావుద్దీన్ అన్నీ చెప్పాడు. ఒక్కటి చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని భూమ్మీద ఏ రైల్వే మనిషికీ తోచదు కాబట్టి చెప్పలేదు.

ఊరికి రాగానే హుసేనప్ప గురప్పను పట్టుకున్నాడు. మదనపల్లె రోడ్డు పక్కన రాళ్ళు కొట్టి కంకర చేసే మనిషి, గాడిదల మీద తోలుతాడు. కంకరకు బదులు పరుపు ఇచ్చేటట్టు మాట్లాడుకున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చాప మీద పడుకున్న గురప్ప ఆ పరుపెక్కి రెండు రాత్రులు పొర్లి, నడుము పట్టేసిందని మూడోనాడు దాన్ని మడిచి గాడిద వీపున వేశాడు. తను కుట్టిన పరుపు కంకర గోతాల కింద ఒత్తుకుపోతూ తన వాకిట్లోకే రావడం హుసేనప్ప చూడాల్సి వచ్చింది. మూతి మాత్రం ఊడలేదు చూడు అని పాపయ్యకు చూపించాడు.

కందకం తవ్వుతుంటే మొదటి పూటే మైమూన్ బీ చెప్పు దొరికింది. దాన్ని కడిగి, ఆముదం రాసి, గూట్లో పెట్టాడు. తర్వాత పల్లం సరిగ్గా ఉందో లేదో చెంబుతో నీళ్ళు పోసి, అవి ఎటు పోతే అటు వంగి నడుస్తూ చూసుకున్నాడు. అదీ బాగానే కుదిరింది. వచ్చిన చిక్కల్లా కంకర పొయ్యడం దగ్గర వచ్చింది. గురప్ప గోతాలు కుమ్మరించి పోదామనుకున్నాడు. హుసేనప్ప ఒప్పుకుంటాడా? దూది ఏరినట్టు కంకర ఏరాడు. మట్టి అంటిన రాయిని కడిగాడు, అడుగున పెద్దవి వరసగా పేర్చాడు, మీద చిన్నవి పోసి పిడికిలితో నొక్కి నొక్కి ఎక్కడ పల్చగా ఉందో చూసి అక్కడ ఇంకో గుప్పెడు వేశాడు. అంతా నిండినాక దాని మీద వెల్లకిలా పడుకుని అటూ ఇటూ దొర్లాడు.

"ఏంది హుసేనప్పా, ఒంట్లో బాగలేదా?" అని వీధిలో పోతున్న పాపయ్య అడిగాడు.

"ఎత్తుపల్లాలు సూస్తాండా."

"రాళ్ళకు గూడా ఎత్తుపల్లాలు సూసే మనిసిని నేనింతకు మున్ను సూళ్ళేదప్పా" అన్నాడు గురప్ప. గాడిదలు కూడా నిలబడి చూశాయి.

ఆపైన హుసేనప్ప పాత గోనెసంచులు విప్పి, ఒకదానికొకటి కుట్టి, కందకం పొడుగునా కప్పాడు. అది మాత్రం అందరూ మెచ్చుకున్నారు. నిజంగా గొప్ప ఆలోచనే. దాని మీద ఇసుక పోసి చదును చేస్తే, ఆ వాకిలి చూడడానికి ఎంత ముచ్చటగా ఉందంటే ఇందిరమ్మ కూడా నవ్వకుండా చూసి వెళ్ళింది.

పని అయిపోయినట్టే. సాయంత్రం వీధి కాలువ గట్టున నిలబడి హుసేనప్ప తన పనంతా ఒకసారి చూసుకున్నాడు. అప్పుడు కనిపించింది. కందకం కాలువలో కలిసే చోట చివర తెరుచుకుని, గోనె అంచు వేలాడుతూ, లోపలి కంకర పళ్ళు ఇకిలించినట్టు బయటికి కనిపిస్తోంది. అతనికి ప్రాణం ఒప్పలేదు. నోరు తెరుచుకున్న సరుకు తన ఇంటి ముందర, వచ్చేపోయే వాళ్ళందరి కళ్ళ ముందరా! చాంద్ బీ వచ్చి చూస్తే ఏమనుకుంటుంది? రాళ్ళు తెచ్చి అడ్డం పేర్చాడు. బంకమట్టి పిసికి సందులు పూడ్చాడు. దాని మీద సున్నం మెత్తాడు. సున్నం ఆరకముందే చూపుడువేలితో అడ్డం ఒక గీత, దాని మీద ఏటవాలుగా ఇంకో గీత, తను పరుపుకు వేసే జడకుట్టు అచ్చు గుద్దినట్టు దిద్దాడు. అప్పటికి గాని అతనికి పని పూర్తయినట్టు అనిపించలేదు. పాపయ్య చూసి ఇది నీ చేతి కుట్టేనప్పా, ఎవరు చూసినా చెబుతారు అన్నాడు. హుసేనప్ప ఆ రాత్రి నిద్రపోయినట్టు ఈ మధ్య నిద్రపోలేదు.

వానలు ఆగి వారం రోజులు గట్టిగా ఎండ కాసింది. ఊరే కాస్త నీళ్ళకు కందకంలో చోటుంది కాబట్టి వాకిలి ఆరిపోయింది. ఎండకు ఊళ్ళో అన్ని వాకిళ్ళూ ఆరాయి గాని, హుసేనప్పకు మాత్రం అది కంకర మహిమే. బస్సు కండక్టరు చేత కుప్పానికి కబురు పంపాడు, వాకిలి ఆరింది, అత్తను కూడా తీసుకుని రమ్మని. గూట్లోంచి అత్త చెప్పు తీసి మళ్ళీ ఆముదం రాశాడు. మంచానికి కొత్త నులక అల్లాడు. ఇంట్లో మిగిలిన బూరుగు దూదంతా పెట్టి అత్త కూర్చోవడానికని ప్రత్యేకంగా ఒక పరుపు కుట్టాడు.

వాళ్ళు బస్సెక్కిన పూటే ముసురు పట్టింది. పలమనేరు దాటేసరికి కుండపోత. బొగ్గు తడిసి బస్సు దారిలో రెండుసార్లు ఆగి, పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి వాన తెరిపి ఇచ్చింది.

మేనత్తా మేనకోడలూ వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా వాకిలి. అది వాకిలి కాదు, చెరువు. మిట్ట మీది నీళ్ళన్నీ చెప్పినట్టు వచ్చి కందకంలో పడ్డాయి. కందకం నిండింది. ముందుకు పోవడానికి దారి లేక, గోనె లేపుకుని, ఇసుక లేపుకుని, పైకి పొంగాయి. ఇదివరకు అడుగు వేస్తే బురద ఉండేది, ఇప్పుడు పిక్కల దాకా తేటనీళ్ళు. ఆ నీళ్ళ మధ్య మంచం, మంచం మీద కొత్త పరుపు, పరుపు తడవకుండా దాని మీద గొడుగు పట్టుకుని హుసేనప్ప. తను మాత్రం నిలువునా తడిసి, ఆ ఒక్క చెప్పు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

శాంతమ్మ గోడ వెనకనుంచి చూస్తోంది. ఇందిరమ్మ అప్పటికే కొంగు తీసి సిద్ధంగా పెట్టుకుంది. మైమూన్ బీ వీధిలో రాతి బండ మీద ఆగిపోయి, ఆ బస్సు ఇంకా పోయి ఉండదు, పద వెనక్కి పోదాం అంది. చాంద్ బీ మూట ఆమె చేతికిచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగింది. మొగుడి మొహం చూడలేదు, కాళ్ళతో తడుముకుంటూ నడిచింది. గోడ దగ్గర కాలికి మెత్తగా గోనె, కింద రాయి తగిలాయి. దాని వెంబడే నడిచింది. పల్లం కాలికి తెలుస్తోంది. రాళ్ళు కదలడం లేదు. ఆ నడకలో ఆమె మొహం కొంచెం మారిందని శాంతమ్మ తర్వాత అందరికీ చెప్పింది. చివరికి వీధి కాలువ గట్టు దగ్గరికి వచ్చి, సున్నంతో మెరుస్తున్న ఆ గోడ చూసి ఆగింది. వేలితో జడకుట్టు తడిమింది.

"ఇదేంది?" అంది.

హుసేనప్ప గొడుగు వదిలేసి నీళ్ళలో వచ్చాడు. అంత కష్టంలోనూ అతని గొంతులో గర్వం దాగలేదు. "మూతి" అన్నాడు. "కుట్టేసినా."

చాంద్ బీ గోడ మీంచి వేలు తీసి వాకిట్లో నీళ్ళు చూపించింది.

"పరుపులో దూది బయటికి రాకూడదని కదయ్యా మూతి కుడతావు. ఈ నీళ్ళు బయటికి పోవాలనే కదా నువ్వింత పాటు పడినావు. పోయే దారి కుట్టేస్తే అవి యాడికి పోతాయి? మల్లా మనింట్లోకే వస్తాయి."

హుసేనప్ప ఆ గోడ చూశాడు, వాకిలి చూశాడు, మళ్ళీ గోడ చూశాడు. అతని నోరు నెమ్మదిగా తెరుచుకుంది. గురప్ప గాడిదలతో అటే వస్తున్నాడు. నాకెందుకు చెప్పలేదని హుసేనప్ప అతని మీదికి తిరిగాడు. పరుపులోళ్ళ కాలవ ఇట్లుంటాదేమో అనుకున్యానప్పా అన్నాడు గురప్ప పాపం, అబద్ధమేమీ లేకుండా.

చాంద్ బీ గురప్ప గోతంలోంచి గడ్డపార లాగి మొగుడి చేతికిచ్చింది. అతను పట్టుకున్నాడు గాని ఎత్తలేకపోయాడు. తన చేతి కుట్టును తనే విప్పడం అతనికి పుట్టినప్పటినుంచి తెలియదు. సున్నం మీద వానచుక్కలు జారి ఆ గీతలు ఇంకా అందంగా కనిపిస్తున్నాయి. వీధి చివర బస్సు హారను వినిపించింది. మైమూన్ బీ మూట చంకకెత్తుకుంది.

"మూతుండాల్నా, నేనుండాల్నా?" అంది చాంద్ బీ, ఎవరికీ వినపడకుండా. శాంతమ్మకు వినపడింది గాని.

హుసేనప్ప కళ్ళు మూసుకుని ఒక్క పోటు పొడిచాడు.

నీళ్ళు గుబుక్కుమని తన్నుకొచ్చి అతన్ని కాలువలోకి తోసి, అతని మీదినుంచే పోయాయి. రోజూ తెల్లగా అయ్యే మనిషి ఆ రోజు బురదతో ఎర్రగా, కళ్ళు మాత్రం కనిపించేటట్టు లేచాడు. అతన్ని ఎవరూ చూడలేదు. అందరూ వాకిలినే చూస్తున్నారు. నీళ్ళు మొదట కదలనట్టే ఉండి, తర్వాత ఒక వైపు ఒరిగి, గోడ దగ్గరినుంచి మెల్లగా తగ్గుతూ వచ్చాయి. మంచం కోళ్ళు ఒక్కొక్క జానా బయటపడ్డాయి. కంకరలో నీళ్ళు దిగుతున్న చప్పుడు, ఎవరో పెద్దమనిషి గుటకలు వేసినట్టు, చాలాసేపు వినిపించింది. ఇసుక తేలింది. పాపయ్య పెంకులు కూడా నాలుగు తేలాయి, ఎప్పటివో.

బస్సు హారను ఇంకోసారి మోగి దూరమైంది. మైమూన్ బీకి ఇక దిగక తప్పలేదు. ఒక కాలు వేసి చూసింది. రెండో కాలు వేసింది. ఆమె నడిచిన చోట తడి అడుగు పడింది గాని కాలు దిగలేదు. పరుపు తడిసిపోయిందని హుసేనప్ప దాన్ని లాగేస్తే, ఆమె నులక మీదే కూర్చుంది. వీధి మొత్తం ఆ నాలుగు కోళ్ళ వైపు చూసింది. ఆమె తన వైపే చూస్తున్నారనుకుంది, సర్దుకుని కూర్చుంది. హుసేనప్ప వంగి, ఆముదం మెరుస్తున్న ఎడమ చెప్పు ఆమె కాలి దగ్గర పెట్టాడు.

ఆమె చెప్పు చూసింది, బురద కారుతున్న అల్లుణ్ణి చూసింది. తప్పు పట్టడానికి ఏదైనా ఉందా అని నాలుగు వైపులా చూసి, దొరకక, గొంతు సవరించుకుంది.

"యాడ నిలిపినాను? ఆ, బండి ఇరుసుదాకా మునిగింది కదా."

అందరూ వచ్చి కూర్చున్నారు. ఆ బండి ఎట్లా పైకి వచ్చిందో, ఆ మొద్దు బండివాడికి ఎవరు బుద్ధి చెప్పారో మా వీధివాళ్ళకు ఆ రోజు గాని తెలియలేదు. ఆమె చేతులు తిప్పింది, ఎద్దులు లాగినట్టు ముందుకూ వెనక్కూ ఊగింది. కథ అయిపోయింది. నాలుగు కోళ్ళూ పైనే ఉన్నాయి. చాంద్ బీ అప్పుడు అత్త పక్కనున్న తన మూట తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి పొయ్యి మీద సంగటి కెలికే చప్పుడు వినిపించింది. బురద కడుక్కుంటున్న హుసేనప్ప చెంబు పట్టుకుని ఆ చప్పుడు వింటూ అట్లాగే నిలబడిపోయాడు.

తెల్లవారి ఎండ వచ్చింది. తడిసిన బూరుగు దూదిని చాంద్ బీ వాకిట్లో పరిచి ఆరబెట్టింది. వానల రోజుల్లో ఆ ఇంటి దూది ఆ వాకిట్లో ఆరడం అదే మొదలు. మైమూన్ బీ ఇంకో నెల ఉండి, పొద్దునా సాయంత్రమూ మంచం వాకిట్లోనే వేయించుకుంది. కాలువ కట్టింది అల్లుడే గాని నీళ్ళు పంపింది మా పిల్ల అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది.

ఆ తర్వాత హుసేనప్ప చాలా ఏళ్ళు పరుపులు కుట్టాడు. దూది కూరడం, కుట్టడం అంతా మునుపటిలాగే చేసేవాడు. చివర్న మూతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సూదిలో దారం ఎక్కించి, చేతిలో పట్టుకుని లోపలికి కేకేసేవాడు.

"ఏమ్మే, ఇది కుట్టచ్చునా?"

మొదట్లో అది పరాచికం. చాంద్ బీ పొయ్యి దగ్గరినుంచే, కుట్టు కుట్టు, అది పరుపే అనేది. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. ఆమె నూతికి వెళ్ళి ఉంటే ఆమె వచ్చేదాకా సూది పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి మదనపల్లె నుంచి బండి కట్టుకుని వచ్చిన పెద్దమనిషి, అన్నీ అయిపోయాక ఆ ఒక్క పోటు కోసం ఇంతసేపు ఏమిటని విసుక్కున్నాడు. అయ్యా, మూతి సంగతి మా ఇంట్లో ఆమె చూసుకుంటుంది అన్నాడు హుసేనప్ప. చాంద్ బీ కడవ దించి, వాకిట్లో పొడిగా ఉన్న ఇసుక మీద కాళ్ళు కడుక్కుని, తొంగి చూసి ఊ అంది. అప్పుడు కుట్టాడు.